ఎడమచేతివాటం వాళ్లు గోల్ఫ్ క్లబ్‌లు ఎలా ఎంచుకోవాలి? కుడివైపుకి మారిపొమ్మంటున్నారు, మారాలా?

పుర్రచెయ్యి:

అందరికీ నమస్తే. నేను రాసేది, బంతి విసిరేది, సుత్తి పట్టేది అంతా ఎడమచేత్తోనే. క్రికెట్‌లో బ్యాటింగ్ కూడా ఎడమే. ఈమధ్య డ్రైవింగ్ రేంజ్‌కి (గోల్ఫ్ షాట్లు సాధన చేసే చోటు) వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ అద్దెకిచ్చే క్లబ్‌లన్నీ కుడిచేతివే, ఒక్కటంటే ఒక్కటి లెఫ్ట్ లేదు. దాంతో కుడిచేతి సెవెన్ ఐరన్‌తోనే (మధ్యస్థ దూరానికి వాడే ఇనుప తల క్లబ్) కొడుతున్నాను. బంతి తగులుతోంది, లేస్తోంది, కానీ కొట్టే ప్రతిసారీ ఒళ్లు నాది కానట్టు ఉంటోంది. నడుము ఎటు తిప్పాలో ఆలోచించుకుని తిప్పాల్సి వస్తోంది.

కోచ్ గారేమో "ఇంకా మొదట్లోనే ఉన్నావు, ఇప్పుడే కుడివైపుకి మారిపో, లేకపోతే లెఫ్ట్ సామాను కోసం ఎప్పటికీ వెతుక్కుంటూనే ఉంటావు" అంటున్నారు. ఆయన మంచికోరే చెబుతున్నారు, నాకు తెలుసు. కానీ మనసు ఒప్పుకోవట్లేదు.

మారాలా, వద్దా? మారకపోతే ముందు ఏవి కొనాలి? గ్లవ్, బూట్లు, బ్యాగ్, షాఫ్ట్ (క్లబ్ కర్ర) వీటిల్లో దేనికి ఎడమ కుడి తేడా ఉంటుంది, దేనికి ఉండదు? వాడినవి కొనుక్కోవచ్చా? ఈ దారిలో నడిచినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మాస్టారు_పార్72:

స్వాగతం అండీ. ముందు ఒక విషయం తేల్చుకోండి. ఏ చేత్తో రాస్తారన్నది గోల్ఫ్‌కు అసలు ప్రశ్నే కాదు. గోల్ఫ్ రెండు చేతులతో ఆడే ఆట. మీ ఒళ్లు ఏ వైపు నుంచి తేలిగ్గా తిరుగుతుందన్నదే ప్రశ్న.

మేజర్ టోర్నమెంట్లు (గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద నాలుగు పోటీలు) గెలిచిన లెఫ్ట్ ఆటగాళ్లనే, అంటే ఎడమవైపు నుంచి ఆడేవాళ్లనే చూడండి. న్యూజిలాండ్‌కు చెందిన బాబ్ చార్ల్స్ 1963లో బ్రిటిష్ ఓపెన్ గెలిచి, మేజర్ గెలిచిన మొదటి లెఫ్ట్ ఆటగాడయ్యాడు. మిగతా పనులన్నీ ఆయనకు కుడిచేత్తోనే. ఆరు మేజర్లు గెలిచిన ఫిల్ మికెల్సన్‌దీ అంతే. చిన్నప్పుడు తండ్రికి ఎదురుగా నిలబడి, అద్దంలో చూసినట్టు ఆయన స్వింగ్‌ను అనుకరించాడు, అలా ఎడమవైపు స్థిరపడిపోయింది. 2023లో ఓపెన్‌ను ఆరు స్ట్రోకుల తేడాతో గెలిచిన బ్రయన్ హార్మన్ కూడా గోల్ఫ్ బయట కుడిచేతివాడే. ఇటు చూస్తే జోర్డన్ స్పీత్ బంతి విసిరేది ఎడమచేత్తో, గోల్ఫ్ ఆడేది కుడివైపు. అంటే చేతివాటానికీ స్వింగ్ వైపుకీ ముడి అంత గట్టిగా లేదన్నమాట.

కెనడా ఆటగాడు మైక్ వియర్‌కు కుర్రతనంలో అచ్చం మీకొచ్చిన సందేహమే వచ్చింది. కుడివైపుకి మారనా అని దిగ్గజ ఆటగాడు జాక్ నిక్లాస్‌కు ఉత్తరం రాశాడు. సహజంగా వచ్చిన స్వింగ్‌తోనే ఉండిపొమ్మని నిక్లాస్ జవాబిచ్చాడు. ఆ కుర్రాడే 2003లో మాస్టర్స్ (నాలుగు మేజర్లలో ఒకటి) గెలిచాడు, అది గెలిచిన మొదటి లెఫ్ట్ ఆటగాడు అతనే.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. క్లబ్ పక్కన పెట్టి, ఒక మామూలు పొడవాటి కర్ర తీసుకోండి. ఆలోచించకుండా, నేలమీద ఉన్నదాన్ని గట్టిగా ఊడ్చేసినట్టు ఊపండి. రెండు వైపులా ఊపి చూడండి. కొట్టాక ఏ వైపు ఒంటికాలి మీద తూలకుండా నిలబడగలుగుతున్నారో గమనించండి. నా విద్యార్థులందరికీ మొదటి పాఠం ఇదే. బ్యాటింగ్ కూడా ఎడమేనంటున్నారు కాబట్టి నా అంచనా మీరు ఎడమవైపే తేలతారని.

ఫెయిర్‌వే_బాబాయ్:

మాస్టారుగారితో నేను పూర్తిగా ఏకీభవించను. కోచ్ చెప్పినదాంట్లో బలం ఉంది.

ఒకటి, కుడివైపు ఆడేటప్పుడు ముందుండి నడిపించేది ఎడమచెయ్యి. పుట్టుకతో ఎడమచేతివాటం ఉన్నవాడికి బలమైన చెయ్యే ముందు ఉంటుంది, అది లాభమే. స్పీత్ ఉదాహరణ మాస్టారే ఇచ్చారు. రెండు, కొత్తగా నేర్చుకునేవాడికి ఇంకా అలవాటు ముదరలేదు. మూడు, అన్నిటికంటే ముఖ్యం, సామాను. స్నేహితుడి డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) ఒకసారి కొట్టి చూద్దామంటే కుదరదు. ఊరు వెళ్లినప్పుడు అద్దెకు తీసుకుని ఒక రౌండ్ ఆడదామంటే కుదరదు. కొత్త మోడల్ వస్తే లెఫ్ట్‌ది ఆలస్యంగా వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. పదేళ్లు ఆడేవాడికి ఇది చిన్న సంగతి కాదు.

మా అబ్బాయి ఎడమచేతివాడే. కుడివైపు నేర్పించాను, హాయిగా ఆడుతున్నాడు.

సవ్యసాచి:

బాబాయ్ గారూ, మీ అబ్బాయికి కుదిరింది, సంతోషం. కానీ మూలపోస్టులో ఆయన "ఒళ్లు నాది కానట్టు ఉంది" అన్నారు చూడండి, నాకు అదే అసలు మాట అనిపించింది. కుడివైపు కుదిరేవాళ్లకు ఆ ఇబ్బంది మొదటి వారాల్లోనే సర్దుకుంటుంది.

నేను పటింగ్ (గ్రీన్, అంటే హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద బంతిని దొర్లించడం) కుడివైపు, మిగతా ఆటంతా ఎడమవైపు ఆడతాను. అది తప్పేమీ కాదు. నోటా బెగే అని అమెరికన్ ఆటగాడు పట్ వంపును బట్టి రెండు వైపుల నుంచీ పట్ చేసేవాడు.

లెఫ్ట్ ఆటగాళ్లకు ఆటలో నష్టమేమీ లేదు. 2003 నుంచి 2014 వరకు జరిగిన పన్నెండు మాస్టర్స్‌లో ఆరు లెఫ్ట్ ఆటగాళ్లే గెలిచారు: వియర్ ఒకటి, మికెల్సన్ మూడు, బబ్బా వాట్సన్ రెండు. మాస్టర్స్ జరిగే అగస్టాలో 13వ హోల్ లాంటివి ఎడమకు తిరుగుతాయి. అక్కడ కుడిచేతివాడు డ్రా (ఆటగాడు నిలబడ్డ వైపుకు వంపు తిరిగే షాట్) కొట్టాలి, లెఫ్ట్ ఆటగాడికి మామూలు ఫేడ్ (అవతలి వైపుకు వంపు తిరిగేది) చాలు, అదుపు ఎక్కువ. 2012 ప్లేఆఫ్‌లో పదో హోల్ దగ్గర వాట్సన్ చెట్ల మధ్య నుంచి వెడ్జ్‌తో (బంతిని పైకి లేపే పొట్టి క్లబ్) బంతిని కుడికి అంత పెద్ద వంపు తిప్పి గ్రీన్ మీద పెట్టాడు కదా, ఆ షాట్ కుడిచేతివాడికైతే స్లైస్, అంటే మరీ ఎక్కువైన ఫేడ్. వెడ్జ్‌తో అంత స్లైస్ రాదు. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది ఆ షాట్ గుర్తొస్తే. ఇప్పటివాళ్లలో రాబర్ట్ మకింటైర్ ఉన్నాడు, 2024లో టెక్సాస్ ఓపెన్ ప్లేఆఫ్‌లో గెలిచిన అక్షయ్ భాటియా ఉన్నాడు.

సామాను కష్టం నిజమే, కాదనను. కానీ దొరికే సరుకును బట్టి ఒంటిని మలుచుకోవడం నాకు తలకిందులుగా అనిపిస్తుంది.

క్లబ్_మెకానిక్:

ఎవరు ఏ వైపు ఆడాలన్నది మాస్టారు, బాబాయ్ తేల్చుకుంటారు. నేను క్లబ్‌లు బాగుచేసేవాణ్ణి, సామాను సంగతి చెబుతాను.

ఎడమ కుడి తేడా అసలు ఉండేది క్లబ్ తలకే. షాఫ్ట్‌కు చెయ్యి లేదు. అదే షాఫ్ట్ లెఫ్ట్ తలకూ రైట్ తలకూ సరిపోతుంది. కాబట్టి ఎవరైనా కుడిచేతి స్నేహితుడు మంచి డ్రైవర్ షాఫ్ట్ అమ్మేస్తుంటే నిక్షేపంగా తీసుకోవచ్చు. చూసుకోవాల్సినవి రెండు. షాఫ్ట్ కొసన ఉండే అడాప్టర్ మీ డ్రైవర్ కంపెనీదే అయి ఉండాలి, ఒక కంపెనీది ఇంకోదానికి పట్టదు. అలాగే లాఫ్ట్ (క్లబ్ ముఖం పైకి వాలిన కోణం) మార్చుకునే ఆ అడాప్టర్ మీద గుర్తులకు కొన్ని కంపెనీలు లెఫ్ట్‌కు వేరే చార్ట్ ఇస్తాయి. రైట్ చార్ట్ చూసి తిప్పితే మీరు లాఫ్ట్ పెంచాననుకున్నది ఇంకేదో అవుతుంది.

గ్రిప్ గుండ్రంగా ఉంటే ఏ చేతికైనా ఒకటే. కొన్ని గ్రిప్‌లలో లోపలివైపు సన్నటి గట్టు ఉంటుంది, వేళ్లకు తగిలి చేతులు ఎక్కడ ఉండాలో చెప్పడానికి. షాఫ్ట్‌ను తిప్పి బిగిస్తే ఆ గట్టు పక్కకు పోతుంది. అప్పుడు గ్రిప్ మార్చేయడమే.

గ్లవ్ కొనేటప్పుడు చాలామంది తడబడతారు. లెఫ్ట్ ఆటగాడు గ్లవ్ వేసుకునేది కుడిచేతికి. డబ్బా మీద రాసి ఉండేది ఏ చేతికి తొడుక్కోవాలన్నదే తప్ప ఏ చేతివాటం ఆటగాడికన్నది కాదు. కాబట్టి మీరు కుడిచేతి గ్లవ్ అడగండి. బంతి, టీ, బూట్లు, గొడుగు వీటికి ఏ తేడా లేదు. బ్యాగ్‌కూ లేదు.

ఇప్పుడు లై యాంగిల్, అంటే క్లబ్ అడుగు నేల మీద ఆనినప్పుడు షాఫ్ట్ నేలతో చేసే కోణం. లెఫ్ట్ వాళ్లు దీన్ని పట్టించుకోకపోవడం ఎక్కువ చూస్తాను, ఎందుకంటే దొరికిందే గొప్ప అని తెచ్చేసుకుంటారు. ఇంట్లోనే చూసుకోవచ్చు. బంతి మీద మార్కర్‌తో నిలువుగా మందపాటి గీత గీయండి. గీత క్లబ్ ముఖానికి ఎదురుగా ఉండేలా పెట్టి, సిరా ఆరకముందే కొట్టండి. ముఖం మీద గీత అచ్చు పడుతుంది. అది ముఖం మీది గాడులకు నిటారుగా నిలిస్తే లై సరిపోయింది. గీత పైకొస టో (తల చివరి కొస) వైపు వాలితే క్లబ్ మీకు అప్‌రైట్ (షాఫ్ట్ మరీ నిటారు) అయింది, హీల్ (షాఫ్ట్ కలిసే కొస) వైపు వాలితే ఫ్లాట్ (షాఫ్ట్ మరీ వాలు) అయింది. అప్‌రైట్ క్లబ్ లెఫ్ట్ ఆటగాడి బంతిని కుడికి లాగుతుంది, ఫ్లాట్ అయితే ఎడమకు తోస్తుంది. కుడిచేతివాళ్ల కోసం చేసిన వీడియోల్లో చెప్పే ఎడమ కుడి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. టో, హీల్ అన్నవి మాత్రం ఎవరికైనా ఒకటే, అందుకే నేను ఎడమ కుడి అనకుండా టో, హీల్ అనే చెబుతాను. మెత్తటి ఫోర్జ్‌డ్ (కొట్టి మలిచిన) ఐరన్‌లను రెండు డిగ్రీల వరకు వంచడం తేలికే. పోత పోసినవాటిల్లో కొన్ని వంగవు, బలవంతం చేస్తే మెడ దగ్గర విరుగుతాయి. కొనేముందే అడగండి.

షాఫ్ట్ ఫ్లెక్స్‌కు (షాఫ్ట్ ఎంత వంగాలన్నదానికి) నేను వాడే స్థూలమైన లెక్క: డ్రైవర్ స్వింగ్ వేగం గంటకు 85 మైళ్ల లోపు అయితే సీనియర్, 85 నుంచి 95 వరకు రెగ్యులర్, ఆపైన 105 వరకు స్టిఫ్. కానీ ఒక కంపెనీ రెగ్యులర్ ఇంకో కంపెనీ స్టిఫ్‌లా ఉండొచ్చు, పేరు చూసి మోసపోకండి.

పుర్రచెయ్యి:

మెకానిక్ అన్నా, గ్లవ్ సంగతి నువ్వు చెప్పకపోతే రేపే పోయి ఎడమచేతిది తెచ్చుకునేవాణ్ణి. అందరికీ థ్యాంక్స్. కర్ర పరీక్ష చేసి వచ్చి రాస్తా.

లక్ష్మి_ఫోర్:

ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. లెఫ్ట్ ఆడే ఆడవాళ్ల కష్టం ఎవరూ రాయలేదు. మగవాళ్లకు లెఫ్ట్‌లో పది మోడళ్లు దొరికితే మాకు ఒకటో రెండో దొరుకుతాయి. ఉన్నవి కూడా మొత్తం సెట్టుగా, బ్యాగ్‌తో కలిపి, అన్నీ ఒకే రంగులో వస్తాయి. విడిగా ఒక మంచి హైబ్రిడ్ (ఐరన్‌కూ పొడవాటి వుడ్‌కూ మధ్యరకం క్లబ్) కావాలంటే లెఫ్ట్, లేడీస్ ఫ్లెక్స్ రెండూ కలిసి దొరకడం లేదు. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మగవాళ్ల లెఫ్ట్ క్లబ్ తీసుకుని కోయించుకోవచ్చా? ఒకచోట అడిగితే అబ్బే కుదరదన్నారు.

క్లబ్_మెకానిక్:

కుదురుతుందమ్మా, కానీ కొలిచి చేయాలి. మగవాళ్ల సెవెన్ ఐరన్ సుమారు 37 అంగుళాలు, ఆడవాళ్లది 36 చుట్టూ ఉంటుంది. ఒక అంగుళం కోస్తే తల తేలిపోయినట్టు అనిపిస్తుంది, స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు తల ఎంత బరువనిపిస్తుందన్న కొలత) ఆరు పాయింట్ల దాకా పడిపోతుంది. కొంతమందికి అదే హాయి. హాయిగా లేకపోతే తలకు సీసం పట్టీ అంటించి బరువు సరిచేస్తాం. పొట్టి చేసినప్పుడు క్లబ్ కాస్త ఫ్లాట్‌గా కూడా ఆడుతుంది, కాబట్టి కోశాక మళ్లీ మార్కర్ పరీక్ష చేయండి.

కోయడం కంటే నాకు నచ్చే దారి ఇంకోటుంది. తల ఏదైనా సరే, లెఫ్ట్‌లో మీకు నచ్చినది తీసుకోండి. లేడీస్ ఫ్లెక్స్ షాఫ్ట్ విడిగా తెప్పించి బిగించండి. షాఫ్ట్‌కు చెయ్యి లేదన్నాను కదా, కుడిచేతి ఆడవాళ్ల క్లబ్‌ల నుంచి తీసినవి కూడా పనికొస్తాయి. తల రంధ్రం, షాఫ్ట్ కొస ఒకే కొలతవి కావాలి, అంతే. డ్రైవర్ లాఫ్ట్ తక్కువ తీసుకోకండి. బంతి గాల్లోకి లేవాలంటే వేగం తక్కువ ఉన్నప్పుడు లాఫ్టే ఆసరా, 12 డిగ్రీలు గానీ ఆపైన గానీ చూడండి.

లక్ష్మి_ఫోర్:

చాలా చాలా థ్యాంక్స్ అండీ. ఇంత స్పష్టంగా ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు. హైబ్రిడ్‌తోనే మొదలుపెడతాను.

బంకర్_బంధువు:

లెఫ్ట్ రైట్ గొడవే లేకుండా రెండు వైపులా ముఖం ఉన్న చిప్పర్ కొనుక్కోవచ్చుగా? పటర్‌లా కనిపిస్తుంది, గ్రీన్ పక్కన నుంచి ఎటైనా కొట్టొచ్చు. చెట్టు పక్కన ఇరుక్కున్నప్పుడు కూడా బాగా పనికొస్తుంది.

మాస్టారు_పార్72:

వద్దండీ. ఇది కొంచెం గట్టిగానే చెప్పాలి. నిబంధనల ప్రకారం క్లబ్‌కు కొట్టే ముఖం ఒక్కటే ఉండాలి. పటర్‌కు మాత్రమే మినహాయింపు: ఎదురెదురుగా, ఒకే లక్షణాలున్న రెండు ముఖాలు ఉండొచ్చు. చిప్పర్ పటర్ కింద రాదు, దాన్ని ఐరన్‌గానే లెక్కిస్తారు. రెండు ముఖాల చిప్పర్‌తో పోటీలో ఒక్క స్ట్రోక్ కొట్టినా అనర్హత వేటు పడుతుంది. బ్యాగ్‌లో ఉంచుకుని కొట్టకపోతే శిక్ష లేదు, కానీ అది అనుమతి ఉన్న పద్నాలుగు క్లబ్‌లలో ఒక చోటు తినేస్తుంది. స్నేహితుల మధ్య సరదాకి ఆడేదైతే మీ ఇష్టం. కానీ కొత్తగా నేర్చుకునే ఆయనకు సాండ్ వెడ్జ్ వాడకం రావాలి, ఇలాంటి అడ్డదారి దొరికితే అది ఎప్పటికీ రాదు.

చెట్టు పక్కన ఇరుక్కుంటే మామూలు ఐరన్‌ను టో కిందికి వచ్చేలా తిప్పిపట్టి, ఎదురు వైపు నిలబడి మెల్లగా బయటకు కొట్టొచ్చు. అది నిబంధనల ప్రకారమే.

సవ్యసాచి:

పటర్ మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. లెఫ్ట్ వాళ్లు పటర్‌ను ఆకారం చూసి కొనేస్తారు, ఎందుకంటే దుకాణంలో ఉండేదే రెండో మూడో. అయినా సరే, కొనేముందు షాఫ్ట్‌ను చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టి చూడండి. ముఖం ఆకాశం వైపు చూస్తూ నిలిస్తే అది తిన్నగా వెనక్కి, తిన్నగా ముందుకు కొట్టేవాళ్లకు నప్పుతుంది. టో కిందికి వేలాడితే చిన్న వంపులో కొట్టేవాళ్లకు.

తర్వాత కన్ను. రెండు చేతులూ చాచి బొటనవేళ్లు, చూపుడువేళ్లతో చిన్న సందు చేయండి. ఆ సందులోంచి దూరంగా ఉన్న గడియారాన్నో, తలుపు గొళ్లాన్నో చూడండి. ఒక కన్ను మూస్తే అది సందులోనే ఉంటుంది, ఇంకో కన్ను మూస్తే పక్కకు జరిగిపోతుంది. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు సందులో నిలిచిందో అదే మీ ప్రధానమైన కన్ను. ఎడమవైపు ఆడేవాడికి హోల్ కుడిపక్కన ఉంటుంది. ఎడమ కన్ను ప్రధానమైతే అది బంతికి వెనకపక్కన ఉండి గీతను బారుగా చూస్తుంది. కుడి కన్ను ప్రధానమైతే తల కొంచెం అటూ ఇటూ జరిపి చూసుకోవాలి. నాకు కుడి కన్నే ప్రధానం. ఎడమవైపు పట్ చేస్తే గీత ఎప్పుడూ వంకరగా కనిపించేది, కుడివైపు నిలబడగానే సాఫీ అయింది. రెండు ముఖాల పటర్ ఉంటే రెండు వైపులా కొన్నాళ్లు ఆడి తేల్చుకోవచ్చు, చిప్పర్‌లా దానికి నిబంధన అడ్డు కూడా లేదు.

ఫెయిర్‌వే_బాబాయ్:

సవ్యసాచి, ఇది నాకు కొత్త విషయం. మా అబ్బాయితో ఈ కంటి పరీక్ష చేయించాను. ఎడమ కన్ను. కుడివైపు ఆడేవాడికి అది హోల్ వైపు కన్ను కదా? వాడు పట్‌లు ఎప్పుడూ ఒక పక్కకే పోగొడతాడు. ఇది కారణమయ్యుండొచ్చా?

సవ్యసాచి:

అయ్యుండొచ్చు బాబాయ్, కానీ ఒక్క కన్నుమీదే తోసేయకండి. ముందు బంతి ఎక్కడ పెడుతున్నాడో చూడండి. పటింగ్‌కి నిలబడ్డాక ఎడమ కంటి దగ్గర నుంచి ఇంకో బంతి జారవిడవమనండి. అది కింద ఉన్న బంతి మీద గానీ, కొంచెం లోపలివైపు గానీ పడాలి. అవతల పక్క పడితే తల మరీ ముందుకు వాలిందన్నమాట.

పుర్రచెయ్యి:

కర్ర పరీక్ష అయింది. అసలు పోలికే లేదు. ఎడమవైపు ఊపితే గాలి కోసుకుపోయే చప్పుడు వచ్చింది, చివర్లో కుడికాలి మీద అలా నిలబడిపోయాను. కుడివైపు ఊపితే చప్పుడు లేదు, ఒక అడుగు ముందుకు తూలాను. కోచ్ గారికి చూపించాను. ఆయన కాసేపు చూసి, సరే ఎడమే కానివ్వు, నేను ఎదురుగా నిలబడి నేర్పిస్తాను, అద్దంలో చూసినట్టు చెయ్ అన్నారు. మికెల్సన్ కథ గుర్తొచ్చింది.

ఇప్పుడు వాడిన సెట్ ఒకటి కనిపించింది. అమ్మేవాడు లెఫ్ట్ అని రాశాడు, కానీ ఫొటో చూస్తే నాకు నమ్మకం కలగట్లేదు. ఎలా తెలుసుకోవాలి? రేంజ్‌లో ఎడమవైపు నిలబడితే పక్క బేలో (నిలబడి కొట్టే చోటు) ఉన్నాయనకు ఎదురెదురుగా ఉంటున్నాను, అది కూడా ఇబ్బందిగా ఉంది.

క్లబ్_మెకానిక్:

క్లబ్‌ను ముందు నేల మీద ఆనించి, టో మీకు దూరంగా ఉండేలా పట్టుకోండి. ముఖం మీ కుడిచేతి వైపు చూస్తుంటే లెఫ్ట్ క్లబ్. ఎడమవైపు చూస్తుంటే రైట్ క్లబ్. ఫొటోలో అయితే ముందు తల అడుగున ఉన్న అక్షరాలు చదవండి. అక్షరాలు తిరగబడి ఉంటే ఫొటోయే అద్దంలోలా తిప్పేశారు, అలాంటిది నమ్మి డబ్బు పంపకండి. సెల్ఫీ కెమెరాతో తీసినా అలా వస్తుంది, కాబట్టి మోసమనే అనుకోనక్కర్లేదు, ఇంకో ఫొటో అడగండి.

వాడినవాటిల్లో నేను ముందు చూసేది వెడ్జ్‌ల గాడులు. గోరు పెట్టి గీస్తే అంచు తగలాలి. నున్నగా జారిపోతే బంతి గ్రీన్ మీద ఆగదు. తర్వాత సెట్‌లోని ఐరన్‌లను పక్కపక్కన నిలబెట్టండి. ఒక్కో నంబరుకూ పొడవు సమానంగా, సుమారు అరంగుళం చొప్పున తగ్గుతూ రావాలి. మధ్యలో ఒకటి ఎగుడుదిగుడుగా ఉంటే ఎవరో కోశారు, లేదా విరిగితే మార్చారు. స్టీల్ షాఫ్ట్ మీద తుప్పు చుక్కలు, గ్రాఫైట్ షాఫ్ట్ మీద బ్యాగ్ అంచు రాసుకుని పడ్డ గీతలు చూడండి. గ్రాఫైట్ మీద గీత లోతుగా ఉంటే వదిలేయండి, అది కొట్టేటప్పుడే విరుగుతుంది. గ్రిప్‌లు అరిగిపోతే బేరమాడండి, మార్చడం తేలిక.

లెఫ్ట్ సెట్‌లకు కొనేవాళ్లు తక్కువ. అమ్మేవాడు ఎక్కువ కాలం ఎదురుచూస్తాడు. తొందరపడకండి.

మాస్టారు_పార్72:

రేంజ్‌లో చివరి బే తీసుకోండి. ఎడమవైపు ఆడేవాడికి వెనకాల గోడో, ఖాళీయో ఉండే చివర ఒకటి ఉంటుంది. అక్కడైతే మీ బ్యాక్‌స్వింగ్‌లోకి ఎవరూ నడిచి రారు. మ్యాట్‌ను కూడా చూడండి. కుడిచేతివాళ్లు ఒక్క పక్కనే కొట్టి కొట్టి మ్యాట్ అక్కడ అరిగి గుంటపడి ఉంటుంది. బంతి ఆ గుంటలో పెడితే మంచి షాట్ కూడా చెడుగా తగులుతుంది. మ్యాట్‌ను తిప్పి వేయమని అడగండి.

ఎక్కడైనా ఫిట్టింగ్‌కి (ఒంటికి తగ్గ క్లబ్ కొలిచి చూసుకోవడానికి) వెళితే ముందే ఫోన్ చేసి లెఫ్ట్ తలలు ఏమేం ఉన్నాయో కనుక్కోండి. బంతి వేగం కొలిచే యంత్రం బంతికి అవతలి పక్క, ఆటగాడికి ఎదురుగా పెట్టే కెమెరా రకమైతే దాన్ని మీకోసం అటుపక్కకు జరపాలి. వెనక నుంచి చూసే రాడార్ రకమైతే జరపక్కర్లేదు, కానీ సాఫ్ట్‌వేర్‌లో లెఫ్ట్ అని మార్చారో లేదో చూడండి.

ఫెయిర్‌వే_బాబాయ్:

బాబూ పుర్రచెయ్యి, నీ పరీక్ష చదివాక నేనిక వాదించను. ఎడమే ఆడు. కానీ సామాను గురించి నేను చెప్పింది గుర్తుపెట్టుకో. ఎక్కడికెళ్లినా గ్లవ్, ఒక సెవెన్ ఐరన్, పటర్ వెంట పెట్టుకో. ఈ మూడూ ఉంటే ఎక్కడైనా సాధన ఆగదు. మాస్టారూ, కొత్తవాడికి మొత్తం పద్నాలుగు కొనమని మాత్రం చెప్పకండి.

మాస్టారు_పార్72:

చెప్పను బాబాయ్, ఇందులో మన ఇద్దరిదీ ఒకే మాట. పద్నాలుగు అన్నది గరిష్ఠ పరిమితి, అన్నీ ఉండాలని ఎక్కడా లేదు.

నా లెక్కలో మొదటి సెట్: లాఫ్ట్ ఎక్కువ ఉన్న డ్రైవర్ లేదా ఐదో నంబర్ ఫెయిర్‌వే వుడ్, ఒక హైబ్రిడ్, సెవెన్ ఐరన్, నైన్ ఐరన్, పిచింగ్ వెడ్జ్, సాండ్ వెడ్జ్, పటర్. లెఫ్ట్‌లో నచ్చిన మోడల్ మొత్తం సెట్టుగా దొరక్కపోతే ఐరన్‌లు ఒక కంపెనీవి, వెడ్జ్ ఇంకోటిది అయినా పర్లేదు. లాఫ్ట్‌ల మధ్య దూరం మాత్రం చూసుకోండి. ఇప్పటి పిచింగ్ వెడ్జ్‌లు 43 నుంచి 46 డిగ్రీల మధ్య ఉంటున్నాయి. దాని పక్కనే నేరుగా 56 సాండ్ వెడ్జ్ పెడితే మధ్యలో పెద్ద ఖాళీ వస్తుంది, ఆ దూరానికి సగం స్వింగ్ కొట్టాల్సి వస్తుంది. మొదట్లో తట్టుకోవచ్చు, తర్వాత 50 చుట్టూ ఒకటి చేర్చుకోండి.

సాండ్ వెడ్జ్‌కు లెఫ్ట్‌లో అడుగు ఆకారాలు రైట్‌లో ఉన్నన్ని ఉండవు. అందుకని బౌన్స్ (క్లబ్ అడుగు ఉబ్బు ఎన్ని డిగ్రీలన్నది) అంకె ఒక్కటి చూస్తే చాలు. ఇసుక లోతుగా, గడ్డి మెత్తగా ఉండే చోట ఆడితే పది, ఆపైన. నేల గట్టిగా ఉండే చోట ఆరేడు. తెలియకపోతే పది తీసుకోండి, కొత్తవాళ్ల క్లబ్ నేలలో దిగబడకుండా కాపాడుతుంది.

లక్ష్మి_ఫోర్:

చిన్న సమాచారం. లెఫ్ట్ సరుకు చూసుకునేటప్పుడు నేను మొదట పింగ్ కంపెనీవి చూస్తాను. వాళ్లు దాదాపు అన్ని మోడళ్లనూ లెఫ్ట్‌లో తెస్తారు, ఐరన్‌ల మీద లై యాంగిల్‌కు రంగు చుక్క ఉంటుంది, నల్ల చుక్క అంటే స్టాండర్డ్. వాడిన సెట్ కొన్నా చుక్క చూసి లై ఎలా ఉందో తెలిసిపోతుంది. బబ్బా వాట్సన్ గులాబీ డ్రైవర్ కూడా వాళ్లదే.

పుర్రచెయ్యి:

మెకానిక్ అన్న చెప్పినట్టు ఇంకో ఫొటో అడిగాను. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, లెఫ్టే. ఐరన్‌లు ఐదు నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా, గ్రాఫైట్, రెగ్యులర్. వెళ్లి వరసగా నిలబెట్టి చూశాను. సిక్స్ ఐరన్ ఒక్కటి సెవెన్ అంత పొట్టిగా ఉంది. మిగతావన్నీ బాగున్నాయి, గాడులు గోటికి తగులుతున్నాయి. వదిలేయాలా, తీసుకోవాలా?

క్లబ్_మెకానిక్:

తీసుకో. సిక్స్ ఐరన్ పేరు చెప్పి బేరమాడు. మొదటి ఏడాది నీకు దాంతో పనే పడదు. తర్వాత పొడవు పెంచాలంటే షాఫ్ట్ పైకొసలో చిన్న కడ్డీ జిగురుతో బిగించి పైన కొత్త గ్రిప్ వేస్తారు, అరగంట పని. ఇంటికి తెచ్చాక గ్రిప్‌లన్నీ గోరువెచ్చటి నీళ్లు, కొంచెం సబ్బుతో కడిగి ఆరబెట్టు. సగం గ్రిప్‌లు మార్చక్కర్లేదని అప్పుడు తెలుస్తుంది. తర్వాత సెవెన్ ఐరన్‌తో మార్కర్ పరీక్ష చేసి, ముఖం ఫొటో ఇక్కడ పెట్టు. గీత ఎటు వాలిందో చూసి చెబుతాను.